తుండుగుడ్డ ఆపలేదు

ఆత్మకూరులో ముంబయి రోడ్డు పక్కన షెడ్డులో బండ్లకు రంగు కొట్టే పని నాది. ఉదయగిరి వైపు నుంచి కార్లు, ట్రాక్టర్లు వస్తుంటాయి. దుమ్ము పడితే ఫినిషింగ్ పోతుందని షట్టర్ దించేస్తాం. ఆ తుంపరంతా మా ఊపిరితిత్తుల్లోకే. టూకే పెయింట్‌లో కలిపే హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి. ఘాటంతా థిన్నర్‌ది, వీటి వాసన పెద్దగా తెలియదు. ఒకసారి ఒంటికి పడకుండా పోయాయంటే, ఆపైన కాస్త పీల్చినా ఉబ్బసమే. మూతికి కట్టుకునే తుండుగుడ్డ వీటిని ఆపలేదు. బయటి మంచిగాలిని పైపుతో అందించే మాస్కు కావాలి, తుంపరను ఫిల్టర్ల గుండా లాగేసే బూత్ కావాలి. ఫ్యాక్టరీల భద్రతా చట్టం కిందికి నలుగురు పనిచేసే షెడ్డు మామూలుగా రాదు, వీటిని పెట్టమని యజమానిని ఆ చట్టం బలవంతపెట్టదు. కాబట్టి ప్రభుత్వమే ఆత్మకూరులో ఉమ్మడి బూత్ కట్టించి మాకు అద్దెకివ్వాలి.