హంపీలో పన్నెండు పాయింట్లు

బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకునే తెలుగువాళ్ళకి హంపీ ఒక మొక్కు లాంటిది. శుక్రవారం రాత్రి హంపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కడం, పొద్దున్నే హోసపేటలో దిగడం, లాడ్జిలో స్నానాలు, తొమ్మిదింటికల్లా ఒక కారూ ఒక గైడూ. సాయంత్రం హేమకూటం గుట్ట మీద సూర్యాస్తమయం, రాత్రికి మళ్ళీ రైలు. నేను ఇలాగే రెండుసార్లు వెళ్ళొచ్చాను కాబట్టి వెక్కిరించడానికి చెప్పట్లేదు. రిలీజు డేట్ల మధ్య సెలవు దొరికే బతుకులు మనవి, ఒక్కరోజు టూరే గతి.

నా గోలంతా ఆ ఒక్కరోజునీ మనం ఖర్చుపెట్టే తీరు గురించి. విడిగా కారు మాట్లాడుకుంటాం, విడిగా గైడుని పెట్టుకుంటాం, తీరా చూస్తే టూరిస్టు బస్సు తిరిగే దారిలోనే తిరుగుతాం. "పన్నెండు పాయింట్లు సార్, మూడింటికల్లా ఫ్రీ చేసేస్తా" అంటాడు డ్రైవరన్న. విరూపాక్షుడు, కడలెకాళు గణపతి, కృష్ణాలయం, నరసింహుడు, బడవలింగం, హజారరామాలయం, లోటస్ మహల్, ఏనుగుల శాల... ఒక్కోదానికి పావుగంట, నాలుగు ఫోటోలు. టెస్ట్ కేసులకి పాస్ పాస్ అని టిక్కులు పెట్టుకుంటూ పోయినట్టే ఉంటుంది. ఆఖర్లో రాతిరథం. యాభై రూపాయల నోటు తీసి, దాన్నీ రథాన్నీ పక్కపక్కన పెట్టి ఫోటో. ఇది మాత్రం ఎవరూ మర్చిపోరు.

ఈ పాయింట్లతో పాటు ఫ్రీగా ఒక కథ కూడా ఇస్తారు. హిందూ సామ్రాజ్యం ఉండేది, 1565లో సుల్తానులొచ్చారు, నెలల తరబడి పగలగొట్టారు, అయిపోయింది. ఇందులో పగలగొట్టిన మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. 1528లో రాయలు చెక్కించిన నరసింహుడి ఒళ్ళో ఉండాల్సిన లక్ష్మి లేదు. (అది నిజానికి లక్ష్మీనరసింహ విగ్రహం, అమ్మవారు పోయాక ఉగ్రనరసింహుడైపోయాడు!) ఉదయగిరి గెలిచి తెచ్చిన బాలకృష్ణుడి కోసం 1513లో కట్టించిన కృష్ణాలయంలో కృష్ణుడు లేడు, ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. విఠలాలయంలో అంత పనితనం ఉంది, గర్భగుడి ఖాళీ. తెలుగువాడన్నవాడికి కడుపు తరుక్కుపోతుంది. కాదనను.

అయితే ఆ కథ ఒక్కటే ఇంటికి పట్టుకెళ్తే, చూసిన దాంట్లో సగం అర్థం కాకుండా మిగిలిపోతుంది.

మొదటి సంగతి. "ఇన్ని గుళ్ళున్నాయి, మరి రాయలవారి కోట ఏది?" అని ప్రతి గుంపులోనూ ఒకరు అడుగుతారు. గుళ్ళు నిలువెల్లా రాయి. రాజభవనాలకి రాతి పునాదులు, పైన చెక్క. చెక్క కాలిపోయింది, పునాదులే మిగిలాయి. అందుకని మనకి కనిపించే విజయనగరం గుళ్ళ నగరం. రాజులూ, గుమాస్తాలూ, సిపాయిలూ, సంతలూ ఉన్న ఊరు కనిపించదు, ఊహించుకోవాలి. ఆ ఊహకి పనికొచ్చే చోటు మహానవమి దిబ్బ. దాని గోడల మీద గుర్రాలు, వేటలు, నాట్యాలు, టోపీలు పెట్టుకున్న విదేశీయులు... తీరిగ్గా చూడాలేగానీ గంట పడుతుంది. దాని పక్కనే మెట్ల పుష్కరిణి. 1980లలో తవ్వకాల్లో బయటపడింది. దాని నల్లరాళ్ళ మీద ఏ రాయి ఎటువైపు ఎక్కడ పెట్టాలో గుర్తులు చెక్కి ఉన్నాయి. అంటే ఎక్కడో రాళ్ళు తయారుచేసి, పార్ట్ నెంబర్లు వేసి, ఇక్కడికి తెచ్చి బిగించారన్నమాట! ఇంజనీరింగు చదివినవాడు అక్కడ కనీసం అరగంట కూర్చోకపోతే డిగ్రీ వెనక్కి తీసుకోవాలని నా అభిప్రాయం. ప్యాకేజీలో దానికి ఇచ్చేది ఏడు నిమిషాలు.

రెండోది అసలు విషయం. కమలాపురం నుంచి విఠలాలయం వైపు వెళ్ళే దారిలో గాణిగిత్తి గుడి ఉంది. పేరు విని ఏదో గ్రామదేవత అనుకుంటాం. 1385 నాటి జైన దేవాలయం అది, హరిహరరాయల సేనాని ఇరుగప్ప కట్టించింది. రోడ్డు పక్కనే ఉన్నా కార్లు ఆగవు. ఆ చుట్టుపక్కలే, కాస్త లోపలికి, 1439లో అహ్మద్ ఖాన్ అనే అధికారి కట్టించిన మసీదుంది. ఆయన రెండో దేవరాయల కొలువులో పనిచేసినవాడు. శాసనం కన్నడంలో ఉంది, దేవరాయల పుణ్యం కోసం కట్టించిన "ధర్మశాల" అని రాసుకున్నాడు. చూడ్డానికి స్తంభాలతో అచ్చం మన గుడి మండపంలా ఉంటుంది. ఒక్క కమాను లేదు, గుమ్మటం లేదు. అదే, రాజుల ఏనుగుల శాలకేమో వరసగా గుమ్మటాలు, లోటస్ మహల్ కింది భాగమంతా సుల్తానుల బాణీ కమానులు! రాజు కట్టడం మసీదులా, మసీదేమో మండపంలా. పద్నాలుగో శతాబ్దం నుంచే ఈ రాజులు "హిందూరాయసురత్రాణ" అని బిరుదు పెట్టుకున్నారు. సురత్రాణ అంటే మరేం కాదు, సుల్తాను.

అంతెందుకు, 1565లో దండెత్తి వచ్చిన నలుగురిలో గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా ఒకడు. కుర్రతనంలో అన్నకి భయపడి పారిపోయొచ్చి, అళియ రామరాయల దగ్గర ఏడేళ్ళు ఈ ఊళ్ళోనే తలదాచుకున్నాడు. తెలుగు కవులు మల్కిభరాముడని ముద్దుగా పిలుచుకున్నది ఈయన్నే. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానం అంకితం ఇచ్చిందీ ఈయనకే. ఆశ్రయం ఇచ్చిన ఊరి మీదకే వచ్చాడు. దీన్ని ఏ ఒక్క వాక్యంలో ఇరికిస్తారో ఇరికించండి చూద్దాం.

ఇలా అంటే "సెక్యులర్ క్లాసు మొదలెట్టాడ్రా" అంటారని తెలుసు. మా టీములోనే అన్నారు. బాబూ, నేను విగ్రహాలు పగలలేదనట్లేదు, పగలగొట్టినవాళ్ళని వెనకేసుకు రావట్లేదు. అదే ఊళ్ళో విరూపాక్షుడికి ఇవాళ్టికీ పూజలు జరుగుతున్నాయి, విఠలుడికి జరగట్లేదు, ఎందుకలా అన్న ప్రశ్న కూడా అడగమంటున్నాను. గైడుని అడిగితే కొందరు విసుక్కుంటారు. కొందరు మాత్రం ఎన్నాళ్ళకి అడిగారు సార్ అన్నట్టు కూర్చుని చెప్తారు. మాకు రెండోసారి దొరికినాయన అలాంటివాడే, చక్కటి బళ్ళారి తెలుగులో చెప్పాడు.

కాబట్టి కారు మాట్లాడుకునేటప్పుడే లిస్టు మనది అని చెప్పేయండి. పొద్దున్నే ఎండ ముదరకముందు విఠలాలయం, అటు వెళ్ళేటప్పుడే గాణిగిత్తీ మసీదూ. మధ్యాహ్నం దిబ్బా పుష్కరిణీ హజారరామాలయం, లోటస్ మహల్ సాయంత్రం మూసేస్తారు కాబట్టి ఆ లోపే అది. చివర్న విరూపాక్షుడు, గోపురం నీడ తలకిందులుగా పడే గదితో సహా. మిగతావి పోతే పోనీండి. మసీదు దగ్గర ఆపమంటే మా డ్రైవరన్న "అక్కడ చూడ్డానికేం లేదు సార్, ఎవరూ ఆపరు" అన్నాడు. ఆపమన్నాం. మేమున్న అరగంటలో మరో కారు రాలేదు. బయల్దేరే ముందు ఆయనే లోపలికి వచ్చి, స్తంభాలు చూసి, "ఇది గుడే కదా సార్?" అని అడిగాడు.