ప్రాఁత యాటలు - క్రొత్త విమర్శ

ప్రాఁత వీడియోగేముల నాడుటయు, వాని గుణదోషములఁ దర్కించుటయు మన యువకులకు వ్యసనమగుచున్నదని పెద్దలు వగచుచున్నారు. ఆ వగపు నిర్హేతుకము గాదు. ఆటను మానలేని స్థితిని ప్రపంచారోగ్యసంస్థ 2019లో వ్యాధిగా నంగీకరించినది. జూదమున రాజ్యముఁ గోలుపోయిన ధర్మరాజు కథ మన మెఱుఁగనిది గాదు.

అయినను ఆడుట వేఱు, విమర్శించుట వేఱు. 1980లో జపానునఁ బుట్టిన పాక్‌మాన్, 1984లో మాస్కోలో పజిట్నోవ్ రచించిన టెట్రిస్ కొలఁది నియమములతోనే లోకమును వశపఱచుకొన్నవి. ఆ కౌశలమును వివరించువాఁడు కాలమును వ్యర్థపుచ్చినవాఁడు కాఁడు. 2010కి ముందు అమెరికాలో వెలువడిన గేములలో నూటికి 87 అంగడిలో దొరకుట లేదని అచ్చటి వీడియోగేము చరిత్రసంస్థ 2023లో వెల్లడించినది. నిన్నమొన్నటి వస్తువులే యిట్లు మాయమగుచుండఁగా, మన పులిజూదము, వామనగుంటల గతి యేమి?

1565 పిమ్మట విజయనగరరాజులకుఁ బెనుకొండ రాజధాని. అంతకు మున్ను హంపి. ఆ హంపి శిలలపైఁ జెక్కిన యాటగళ్లు నేఁటికిని గలవు. రాయి నిలిచినది; ఆడుతీరు నెఱిఁగిన వృద్ధులు నిలుతురా?

పులిజూదమునే చూడుఁడు: 3 పులులు, 15 మేఁకలు. పులికి దుమికి చంపు బలము; మేఁకకుఁ గూడి నిలుచు బలము. చెదరిన మేఁక చచ్చును, కూడిన మంద పులిని బంధించును. ఇంతటి నియమరచనకు మన భాషలో విమర్శ వలదా?

హిందూపుర, పెనుకొండ, ధర్మవర యువకులారా! పరదేశపు టాటలకుఁ బుటలకొలఁది వ్రాయు కలముతో, ఇంటియరుగుపై సుద్దగీఁతల యాటకు రెండు పుటలు వ్రాయుఁడు. చెప్పువా రుండఁగనే యడుగుఁడు.