దుప్పటి, కెమెరా

1929 మార్చి 31, ఈస్టర్ ఆదివారం. న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలో పండుగ బట్టలతో నడుస్తున్న జనం మధ్య కొందరు యువతులు సిగరెట్లు వెలిగించారు. వాటికి 'స్వేచ్ఛా కాగడాలు' అని పేరు. మర్నాడు న్యూయార్క్ టైమ్స్‌లో అది వార్తయింది. వారిని పోగుచేసి, పత్రికలకు ముందే కబురంపింది ప్రచార నిపుణుడు ఎడ్వర్డ్ బెర్నేస్. అతనికి డబ్బిచ్చింది అమెరికన్ టొబాకో కంపెనీ. స్త్రీల హక్కుల ఆరాటం నిజమైనదే. కంపెనీకి కావలసింది మాత్రం లక్కీ స్ట్రైక్ అమ్మకాలు!

పునరుత్థాన దినాన్నే ఎన్నుకోవడం మనల్ని కలవరపెట్టాలి. తొలి ఆదివారం తెల్లవారుజామున సమాధి దగ్గరికి వెళ్లిందీ స్త్రీలే. కనబడింది చెప్పారు. అపొస్తలులే మొదట నమ్మలేదు (లూకా 24). ఆ వార్తను ఎవరూ ఏర్పాటు చేయలేదు. దేవాలయ శిఖరం నుంచి దూకమని సాతాను అడిగితే ప్రభువు దూకనూ లేదు.

మరి మన సంఘాల్లో? క్రిస్మస్ దుప్పట్ల పంపిణీకి విలేకరి రావడం ఆలస్యమైతే వితంతువులూ వృద్ధులూ చలిలో కూర్చోవాలి. ఆపైన ఒక్క దుప్పటికి ఆరు చేతులు. ధర్మం చేసేటప్పుడు బాకా ఊదించవద్దన్నాడు ప్రభువు (మత్తయి 6). నేడు ఆ పని కెమెరా చేస్తోంది. సంఘ పెద్దలారా, వచ్చే క్రిస్మస్‌కు దుప్పట్లు చీకటి పడ్డాక ఇళ్లకే పంపండి. ఫ్లెక్సీ డబ్బుతో మరికొన్ని కొనవచ్చు.