ముగ్గు పోసే ముందు



"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఐతే ఈ రెంటికీ ఒక తేడా ఉన్నది. పెళ్ళి విందులో పప్పుకు ఉప్పు చాలకపోతే మరునాటికి అందరూ మరచిపోతారు. ఇంట్లో ఒక గోడ తప్పు చోట లేచిందంటే, ముప్ఫై ఏళ్ళపాటు దాని పక్కనుంచే తిరగాలి!

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో ఏ కొత్త వీధికి పోయినా ఎక్కడో ఒకచోట ఇల్లు లేస్తూనే ఉంటుంది. హుజూర్‌నగర్, మేళ్ళచెరువు ప్రాంతాల నేలలో సున్నపురాయి ఉండటంచేత అక్కడ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిశాయి. అంటే ఇంటికి కావలసిన సిమెంటు మన ముంగిట్లోనే తయారవుతున్నదన్నమాట. సిమెంటు కొనుక్కోవచ్చు, ఇటుక కొనుక్కోవచ్చు. ముందుచూపు మాత్రం ఏ దుకాణంలోనూ దొరకదు.

మన మేస్త్రీలకు ఆ ముందుచూపు లేకపోలేదు. పునాది తవ్వే ముందు వాళ్ళు ఏం చేస్తారో మీరు చూసే ఉంటారు. తాళ్ళు కట్టి, నేలమీద ముగ్గు పోస్తారు. మూల సరిగా వచ్చిందో లేదో తెలుసుకోవటానికి ఒక తాడుమీద మూడడుగులు, రెండవ తాడుమీద నాలుగడుగులు కొలిచి గుర్తులు పెడతారు. ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా అయిదడుగులు ఉంటే మూల మట్టమైనట్టే. 9కి 16 కలిపితే 25. మీ లెక్కల పుస్తకంలోని పైథాగరస్ సిద్ధాంతం మేస్త్రి చేతి తాడులో ఉన్నది, చూశారా!

ముగ్గు పోయగానే ఇంటిల్లిపాదీ ఆ గీతల మధ్య నిలబడి, "ఇది వంటిల్లు, ఇది నట్టిల్లు" అనుకుంటారు. పక్కింటి పెద్దమనిషి వచ్చి, "ఆ తలుపు కాస్త ఇటు జరపండి, వాన జల్లు కొడుతుంది" అంటాడు. ఆయనకెందుకు అనుకోకండి. ఆయన తన ఇల్లు కట్టుకుని, జల్లులో తడిసి, ఆ మాట చెబుతున్నాడు. అనుభవం ఉన్న తోటివాడి మాటకు అంత విలువ ఉన్నది.

ఈనాడు ముగ్గు పోయకముందే ఇల్లంతా కంప్యూటరు తెరమీద గీసి చూసుకోవచ్చు. దీనికి బీజం 1963లో పడింది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయంలో ఐవాన్ సదర్లాండ్ అనే యువకుడు "స్కెచ్‌ప్యాడ్" అనే ప్రోగ్రాము తయారుచేశాడు. వెలుగు కలం అనే సాధనంతో తెరమీద గీత గీస్తే, కంప్యూటరు దాన్ని తిన్నగా సరిదిద్దేది. ఆనాడు అటువంటి కంప్యూటరు ఒక గదిని ఆక్రమించేది. ఇప్పుడో, బల్లమీద ఇమిడే కంప్యూటరుతో ఎవరైనా ఇంటి బొమ్మ గీయవచ్చు. ఇందుకు పనికివచ్చే వాటిలో "స్వీట్ హోమ్ 3డి" ఒకటి. ఎమ్మానుయేల్ ప్యుబరే అనే ఫ్రెంచి ఆయన దీన్ని 2006లో మొదటిసారి విడుదల చేశాడు. ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. అనగా ఎవరైనా వాడుకోవచ్చు, ఇతరులకు పంచవచ్చు, చేతనైతే మార్చుకోవచ్చు. పైన గోడల గీతలు గీస్తూ ఉంటే, కింద అదే ఇల్లు నిలువెత్తున లేచి కనబడుతుంది.

ఇక్కడ మనం ఒక చిన్న కథ ఊహించుకుందాం. కోదాడలో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి ఉన్నదనుకోండి. వాళ్ళ నాన్న ఎన్నో ఏళ్ళు కూడబెట్టి నూరు గజాల జాగా కొన్నాడు. నూరు చదరపు గజాలంటే 900 చదరపు అడుగులు. అటు ముప్ఫై అడుగులు, ఇటు ముప్ఫై అడుగులు. ఇంట్లో నాయనమ్మ ఉన్నది. మోకాళ్ళ నొప్పులవల్ల ఆమె నాలుగు కాళ్ళ ఊతకర్ర పట్టుకుని నడుస్తుంది. "నా గది స్నానాల గదికి దగ్గరగా ఉంటే చాలునే" అని ఆమె మనవరాలితో చెప్పింది.

అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని, ముప్ఫై అడుగులకు సరిపోయేటట్లు వరసగా మూడు గదులు గీసింది. ఒక్కొక్కటి పదడుగులు. లెక్క సరిపోయింది గదా! సంతోషంతో గది విస్తీర్ణం ఎంతో చూపమన్నది. పది పదుల నూరు రావాలి. తెరమీద 95 చదరపు అడుగులు వచ్చింది! మళ్ళీ గీసింది. మళ్ళీ తొంభై అయిదే. మిగిలిన అయిదు అడుగులూ ఎటు పోయినట్టు?

ఇటువంటప్పుడు రెండు దారులు ఉన్నవి. ఒకటి, "కంప్యూటరు పాడైంది" అని మూసివేయటం. రెండవది, తెలిసినవాళ్ళను అడగటం. ఆ సాఫ్ట్‌వేరును వాడేవాళ్ళు ప్రపంచమంతటా ఉన్నారు. అంతర్జాలంలో ఒకరి సందేహానికి ఒకరు జవాబు చెప్పుకుంటూ ఉంటారు. వాళ్ళలో వడ్రంగులూ, ఇంజనీర్లూ, తమ వంటింటిని తామే దిద్దుకునే గృహిణులూ ఉంటారు. వాళ్ళు జీతం తీసుకుని జవాబు చెప్పేవాళ్ళు కారు. తమకు ఒకనాడు ఎవరో చెప్పారు గనుక తామూ చెబుతారు.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. నిజమే. కాని అడిగే తీరు ఒకటి ఉన్నది. "నా ఇల్లు సరిగా రావటం లేదు. త్వరగా చెప్పండి" అని రాస్తే ఎవరేం చెప్పగలరు? డాక్టరు దగ్గరకు పోయి, "ఒంట్లో బాగాలేదు, మందివ్వండి" అన్నట్టే ఉంటుంది. ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి, ఏం తిన్నావు అని ఆయన అడిగి తీరవలసిందే.

మంచి ప్రశ్నలో అయిదు సంగతులు ఉండాలి. ఏ సాఫ్ట్‌వేరు, దానిలో ఎన్నవ వెర్షను వాడుతున్నావు? ఏం చేయాలనుకున్నావు? వరసగా ఏమేం చేశావు? ఏం రావాలనుకున్నావు, ఏం వచ్చింది? ఇప్పటికే ఏమేం ప్రయత్నించి చూశావు? వీటితోపాటు తెర బొమ్మ ఒకటి జతచేస్తే ఇంకా మంచిది. ఇంగ్లీషులో రాయవలసి వస్తే భయపడనక్కరలేదు. చిన్న చిన్న వాక్యాలు చాలు. అడగబోయే ముందు సహాయపు పేజీలు చదవటం, ఆ ప్రశ్న ఇంతకు ముందే ఎవరైనా అడిగారేమో వెతకటం కూడా మర్యాదే.

మన అమ్మాయి ఇలా రాసిందనుకుందాం: "అయ్యలారా, అమ్మలారా, నమస్కారం. అడుగుల కొలతలో మూడు గదులు గీశాను. ప్రతి గోడ పొడవూ పదడుగులే ఇచ్చాను. గది విస్తీర్ణం 100 రావాలి, 95 వస్తున్నది. రెండుసార్లు చెరిపి గీశాను. మా ఊళ్ళో ఇటుక గోడ మందం తొమ్మిది అంగుళాలు. బొమ్మ జతచేశాను. నా పొరబాటు ఎక్కడో చెప్పగలరా?"

చూశారా, ఇందులో ఉబుసుపోక మాట ఒక్కటి లేదు. ఇటువంటి ప్రశ్న చూస్తే జవాబు చెప్పబుద్ధి పుడుతుంది.

జవాబు ఏమిటంటే: ఈ సాఫ్ట్‌వేరు గోడను దాని నడిమి గీతనుబట్టి కొలుస్తుంది. మనం చెప్పకపోతే గోడ మందం ఏడున్నర సెంటీమీటర్లు, అనగా సుమారు మూడు అంగుళాలు అనుకుంటుంది. పదడుగుల గీతలో ఇటు ఒకటిన్నర అంగుళం, అటు ఒకటిన్నర అంగుళం గోడలకే పోతుంది. లోపల మిగిలేది తొమ్మిది అడుగుల తొమ్మిది అంగుళాలు. దాన్ని దానితోనే గుణిస్తే 95 చిల్లర. మిగిలిన అయిదడుగులు ఎటూ పోలేదు, గోడల్లో ఉన్నవి!

జవాబు అక్కడితో ఆగదు. మన గోడ మూడు అంగుళాలు కాదు, తొమ్మిది. ఆ మందం పెడితే లోపల మిగిలేది తొమ్మిది అడుగుల మూడు అంగుళాలే. గది లోపల నిజంగా పదడుగులు కావాలంటే మూడు గదులకు ముప్ఫై అడుగులు, నాలుగు గోడలకు మూడడుగులు, మొత్తం ముప్ఫై మూడు అడుగులు కావాలి. జాగా ఉన్నది ముప్ఫై అడుగులే! అటుపైన నిబంధనల ప్రకారం ఖాళీ వదలాలి గదా. ఈ సంగతి ఇటుకలు దిగిన తరువాత తెలిసి ఉంటే నాన్న కూడబెట్టిన డబ్బు ఏమయ్యేది?

బొమ్మ జతచేయటంవల్ల ఇంకొక మేలు జరిగిందనుకోండి. చూసినవారిలో ఒకామె, "అమ్మాయీ, స్నానాల గది తలుపు లోపలికి తెరుచుకుంటున్నది. ముసలివారు లోపల జారిపడితే, వారే తలుపుకు అడ్డం పడతారు. బయటినుంచి తీయటం కష్టం. తలుపు బయటికి తెరుచుకునేటట్లు మార్చు. ఊతకర్రతో సహా పట్టేటంత వెడల్పు పెట్టు" అని రాసింది. అమ్మాయి అడగని ప్రశ్నకు వచ్చిన ఈ జవాబు అన్నిటికన్నా విలువైనది. తలుపు ఒకటే, దాని దిక్కు మారింది. నాయనమ్మ ప్రాణానికి అదొక రక్ష.

కొలతల తికమక పిల్లలకే వస్తుందనుకునేరు! అమెరికావారు 1998 డిసెంబరులో అంగారక గ్రహానికి "మార్స్ క్లైమేట్ ఆర్బిటర్" అనే నౌకను పంపారు. నేలమీద లెక్కలు కట్టిన ఒక సాఫ్ట్‌వేరు పౌండ్ల కొలతలో అంకెలిచ్చింది. వాటిని అందుకున్నది అవి మెట్రిక్ కొలతలనే అనుకున్నది. 1999 సెప్టెంబరు 23న నౌక అంగారకుడికి మరీ దగ్గరగా పోయి నాశనమైపోయింది. ఒక అడుగుకు 30.48 సెంటీమీటర్లని మీకు తెలుసు. ఏ అంకె పక్కనైనా అది అడుగో, అంగుళమో, సెంటీమీటరో రాయటం మరువకండి.

అడగటంవల్ల పెద్ద పనులు కూడా పుట్టినవి. 1991 ఆగస్టు 25న ఫిన్లాండు దేశంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఇరవై ఒక్క ఏళ్ళ విద్యార్థి, తాను తయారుచేస్తున్న ఒక చిన్న వ్యవస్థలో ఏమేం ఉంటే బాగుంటుందో చెప్పమని తోటివారిని అడిగాడు. ఎంతోమంది చెప్పారు, చేయి కలిపారు. అదే లైనక్స్. మీ ఇంట్లో ఆండ్రాయిడ్ ఫోను ఉంటే దాని అడుగున పనిచేసేది లైనక్సే.

ఇంటి బొమ్మతో ఒక విజ్ఞాన వినోదం కూడా ఉన్నది. స్వీట్ హోమ్ 3డిలో ఒక దిక్సూచి ఉంటుంది. ఉత్తరం ఎటో చూపి, మన ఊరి అక్షాంశ రేఖాంశాలిస్తే, ఏ తేదీన ఏ గంటకు ఏ కిటికీలోంచి ఎండ వస్తుందో బొమ్మలో చూపుతుంది. మన మూడు ఊళ్ళూ సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశంమీద ఉన్నవి. అందుచేత సుమారు మే 8 నుంచి ఆగస్టు 5 వరకు మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మనకు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు! ఉత్తరపు కిటికీకి ఎండ తగలదనుకునేవాళ్ళు ఈ సంగతి గమనించాలి. చలికాలంలో మాత్రం దక్షిణపు కిటికీలోంచి ఎండ చాలా లోపలికి వస్తుంది.

ఇక మూడు జాగ్రత్తలు. మొదటిది: తోటివారిని అడిగేటప్పుడు ఇంటి నంబరు, వీధి పేరు, ఫోను నంబరు, మీ పూర్తి పేరు రాయకండి. ఇంటి బొమ్మ అంటే ఏ తలుపు ఎక్కడున్నదో చెప్పే పటం. ఊరూ పేరూ లేని బొమ్మనే చూపండి. అమ్మో నాన్నో పక్కన ఉన్నప్పుడే అడగండి. రెండవది: బొమ్మ గీసే సాఫ్ట్‌వేరుకు గోడ ఎక్కడున్నదో తెలుసు గాని, అది ఎంత బరువు మోస్తుందో తెలియదు. పునాది లోతు, స్తంభాలు, దూలాలలో ఇనుము, వీటిని మీ నేలను చూసిన ఇంజనీరే చెప్పాలి. మునిసిపాలిటీ అనుమతి ఉండనే ఉన్నది. మూడవది: జవాబు అందగానే మాయమైపోకండి. "మీరు చెప్పినట్లు చేశాను, లెక్క సరిపోయింది" అని ఒక ముక్క రాయండి. రేపు ఇదే చిక్కు వచ్చిన మరొకరికి అది దారి చూపుతుంది. ఎండాకాలంలో చలివేంద్రం దగ్గర దాహం తీర్చుకున్నవాడు, కుండమీద మూత పెట్టి పోవాలా వద్దా?

కంప్యూటరు లేనివాళ్ళు చిన్నబుచ్చుకోనక్కరలేదు. గళ్ళ కాగితం తీసుకుని, ఒక గడికి ఒక అడుగు చొప్పున మీ ఇల్లు గీయండి. తలుపులు ఎటు తెరుచుకుంటాయో చాపాలుగా చూపండి. తరువాత మీ వీధిలో మేస్త్రి పని చేసే ఎవరికైనా చూపి, "ఇందులో తప్పేముంది, చెప్పండి" అని అడగండి. ఆయన చెప్పే మాటలు మీరు ఏ పుస్తకంలోనూ చూసి ఉండరు.

ఇప్పుడు ఈ నెల లెక్క. ముప్ఫై అడుగుల వెడల్పు జాగాలో అటు మూడడుగులు, ఇటు మూడడుగులు ఖాళీ వదిలారు. మిగిలిన వెడల్పులో పక్కపక్కన రెండు సమానమైన గదులు కట్టాలి. బయటి గోడల మందం తొమ్మిదేసి అంగుళాలు. రెండు గదుల నడిమి గోడ నాలుగున్నర అంగుళాలు. సిమెంటు పూత లెక్కలోకి తీసుకోవద్దు. ఒక్కొక్క గది లోపలి వెడల్పు ఎంత? అంగుళాలలోకి మార్చి చేయండి. జవాబు పదకొండు అడుగులకు పైచిలుకు వస్తే మీరు సరైన దారిలోనే ఉన్నారు. ఆ పైచిలుకు ఎంతో మీరే తేల్చండి. తేలకపోతే పక్కవాణ్ణి అడగండి, అడిగే తీరు ఇప్పుడు మీకు తెలుసు గదా!