బుడమేటి ఒడ్డు పేటలు

2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు బెజవాడపై విరుచుకొనిపడిన సంగతి పాఠకులు మరచియుండరు. మళ్లింపు కాలువ కట్టకు గండ్లు పడి, సింగునగరము మొదలగు పేటలు దినముల తరబడి నీట నానినవి. అదే సమయమున ప్రకాశము బరాజువద్ద కృష్ణ సెకనునకు 11 లక్షల 43 వేల ఘనపుటడుగుల ప్రవాహముతో పొంగుచుండెను. మళ్లించిన నీరు చేరవలసిన నదియే నిండియుండగా ఆ నీటికి దారి యేది?

ఇట్టి ప్రతి వరద వెనుకను ఒక మాట వినవచ్చుచుండును: ఏటి పోరంబోకున ఇండ్లు కట్టుకొన్నవారే విపత్తునకు కారకులనియు, వారిని లేవగొట్టినగాని ఊరు బాగుపడదనియు. ఏటికి దారి విడువవలెననుట న్యాయమే. కాని ఏటిని ఇరుకు చేసినవి పేదల రేకుల ఇండ్లు మాత్రమేనా? మెరక పోసి అమ్మిన స్థలముల మాట యేమి? హమాలీల మోతయు, పనికత్తెల చాకిరియు మనకు కావలెను. వారు తలదాచుకొను చోటు మాత్రము మన కంటికి కనబడరాదు! దూరమునకు తరిమినచో వారు కూలి పోగొట్టుకొని, మరల వేరొక కాలువ ఒడ్డుననే చేరుదురు.

వేరొక మార్గమును థాయిలాండు రాజధానియగు బాంకాకు చూపినది. అచ్చటి ప్రభుత్వము 2003లో ‘బాన్ మన్‌కొంగ్’, అనగా భద్రగృహ మను పథకము నారంభించెను. బాంగ్‌బువా కాలువ ఒడ్డున ప్రభుత్వ భూమిలో బ్రదుకుచు, కాలువను పాడుచేయుచున్నారను నిందను, తొలగింపు భయమును మోయుచుండిన పేదలు పొదుపు సంఘములుగా కూడిరి. తమ ఇండ్లను తామే లెక్కించుకొనిరి. నీటిపైకి చొచ్చుకొనివచ్చిన కట్టడములను వెనుకకు జరిపి, ఒడ్డువెంట నడకబాట వేసిరి. ప్రభుత్వము భూమిని 30 ఏండ్ల కౌలునకు వారి సహకార సంఘముల కిచ్చి, బాటలకును మురుగు కాలువలకును ధనసహాయము, ఇండ్లకు తక్కువ వడ్డీ ఋణము సమకూర్చెను.

ఇందలి కీలకము కౌలుపత్రము. రేపు కూలగొట్టుదురేమో యను ఇంటికి నేడు పునాది ఎత్తు చేయువాడెవడు? మరియు ఒక్కొక్కడు తన అరుగు మాత్రమే పెంచుకొన్నచో నీరు ప్రక్కవాని యింట జొరబడును. వీథియంతయు కలిసి వాలు చూచి కాలువ తీసిననే అందరికి రక్ష. ఈ పనికి కావలసిన కూటమి మనకు క్రొత్త గాదు. స్త్రీల పొదుపు సంఘములు లేని పేట మన దేశమున అరుదు.

అట్లని ప్రజలే చేసికొందురని ప్రభుత్వము చేతులు దులుపుకొనరాదు. వీథి కాలువ పేటవారిది. ఏటి కట్టలు, మళ్లింపు కాలువ ప్రభుత్వమువి. గండిని పొదుపు సొమ్ముతో పూడ్చజాలరు.

కావున అధికారులు పేటవారిని వెంటబెట్టుకొని ఏటి హద్దులు కొలిపింపవలెను. ఏటి త్రోవలోనే యున్నవారికి ఆ దాపుననే స్థలము చూపవలెను. తక్కినవారి సంఘములకు భూమిపై హక్కునిచ్చి, వీథుల బాగునకు సొమ్ము వారి చేతి మీదుగనే వ్యయపరుపవలెను. పన్నులు చెల్లించు పట్టణవాసులు దీనిని దానమని తలపవలదు. కట్ట తెగిననాడు బుడమేరు పట్టాలు చూచి ఇండ్ల జొరబడదు.