స్టేషన్ వైఫై: లాగిన్ పేజీ పాస్‌వర్డ్ అడిగితే ఆగండి

సికింద్రాబాద్‌లోనో విజయవాడలోనో రైలు కోసం ఎదురుచూస్తూ ఫోన్‌లో వైఫై ఆన్ చేస్తే ‘రైల్‌వైర్’ పేరు కనిపిస్తుంది. రైల్‌టెల్ సంస్థ 2016 జనవరిలో ముంబయి సెంట్రల్‌లో ప్రారంభించిన ఈ సేవ 6,000కు పైగా స్టేషన్లకు విస్తరించింది. మొబైల్ నంబరు, ఓటీపీ ఇస్తే రోజుకు 30 నిమిషాలు ఉచితం. మరి వాడటం సురక్షితమేనా?

‘పబ్లిక్ వైఫైలో మీరు టైప్ చేసేదంతా పక్కవాడు చదివేస్తాడు’ అన్న హెచ్చరిక ఒకప్పుడు చాలావరకు నిజమే. ఇప్పుడు బ్యాంకు యాప్‌లు, వాట్సప్, దాదాపు అన్ని ప్రముఖ వెబ్‌సైట్లు డేటాను ఎన్‌క్రిప్ట్ చేసే పంపుతున్నాయి. మధ్యలో ఎవరైనా దాన్ని పట్టుకున్నా మీరు ఏ సైట్‌కు వెళ్లారో తెలియొచ్చేమో గానీ, అందులో ఏం రాశారో తెలియదు.

చిక్కంతా లాగిన్ పేజీ దగ్గరే. వైఫైకి ఎవరైనా ఏ పేరైనా పెట్టుకోవచ్చు. బ్యాగులో చిన్న పరికరం ఉంచుకుని అసలు నెట్‌వర్క్ పేరుతోనే మరొకటి నడిపితే ఫోన్‌కు తేడా తెలియదు. గతంలో ఒకసారి వాడిన ఓపెన్ నెట్‌వర్క్ అయితే మనల్ని అడక్కుండానే కనెక్ట్ అయిపోవచ్చు కూడా.

ఆస్ట్రేలియాలో 2024 ఏప్రిల్‌లో ఓ దేశీయ విమానంలో అనుమానాస్పద వైఫైని సిబ్బందే గుర్తించారు. పెర్త్, మెల్‌బోర్న్, అడిలైడ్ విమానాశ్రయాల్లోనూ నకిలీ నెట్‌వర్కులు నడిపాడంటూ ఫెడరల్ పోలీసులు ఒక వ్యక్తిపై కేసు పెట్టారు. కనెక్ట్ అయినవారికి ఈమెయిల్ లేదా సోషల్ మీడియా ఖాతాతో సైన్ ఇన్ అవ్వమనే పేజీ వచ్చేదని పోలీసులు చెప్పారు. పాస్‌వర్డ్ మనమే టైప్ చేసి ఇచ్చాక ఎన్‌క్రిప్షన్ ఏం చేస్తుంది? పైగా ఈమెయిల్ పోతే మిగతా ఖాతాల రీసెట్ లింకులూ అందులోకే వస్తాయి.

అందుకే స్టేషన్‌లో వచ్చిన పేజీ మీ నంబరు, ఓటీపీ దాటి జీమెయిల్ పాస్‌వర్డో, యూపీఐ పిన్నో అడిగితే వెంటనే మూసేయండి. ఓటీపీ కొట్టేముందు కూడా ఎస్సెమ్మెస్ పూర్తిగా చదవండి. మీరిచ్చిన నంబరుతో అవతలివాడు మీ వాట్సప్‌లోకి లాగిన్ అవ్వబోతుండొచ్చు. అప్పుడు వచ్చిన ఓటీపీ వైఫైది కాదు, వాట్సప్‌ది. ‘ఈ కనెక్షన్ సురక్షితం కాదు’ అని బ్రౌజర్ చెబితే, రైలుకు టైమవుతోందని ముందుకు నొక్కేయకండి. పని అయ్యాక వైఫై సెట్టింగ్స్‌లో ఆ పేరును ‘ఫర్గెట్’ చేయండి.

పబ్లిక్ వైఫైలో బ్యాంకు లావాదేవీలు వద్దనే ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ చెబుతోంది. ఆ రెండు నిమిషాలకు మొబైల్ డేటా చాలు. డబ్బు పోయిందని తెలిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.