గేరుబాక్సు పోనాదమ్మా!

ఒంట్లో బాగులేదని వెడితే డాక్టరు నాలిక చూస్తాడు, నాడి చూస్తాడు, ఆ తర్వాతే రోగం పేరు చెబుతాడు. పదేళ్ళు దాటిన డీజిలు ఆటోమేటిక్ కారుకి ఆపాటి మర్యాద కూడా లేదు. బానెట్ ఎత్తకముందే "గేరుబాక్సు పోనాదమ్మా, మార్చీయాలంతే" అనేస్తారు. తెచ్చింది ఆడమనిషైతే తీర్పు మరీ త్వరగా వస్తుంది. గిరీశం తిరిగిన విజయనగరం కదా, వాల్వ్ బాడీ, సోలినాయిడ్ అని నాలుగు ఇంగ్లీషు ముక్కలు విసిరితే మనం పర్సు తీసేస్తామని ధీమా!

ఎందుకు తీయాలండీ?

ముందు మన కారుది ఏ జాతో తెలుసుకోవాలి. క్లచ్ పెడల్ లేనివన్నీ ఒకటి కావు. 2016లో వచ్చిన డిజైర్ డీజిలు ఏ.ఎం.టి.లో ఉన్నది మామూలు గేరుబాక్సే. క్లచ్ ప్లేటూ ఉంది. దాన్ని తొక్కేది మాత్రం మన కాలు కాదు, యంత్రం. సిరిమానోత్సవం నాటి రద్దీలో అంగుళం అంగుళం జరిపితే అరిగేది ఆ ప్లేటే. దానికి బాక్సంతా మార్చమనడం, గోరు విరిగితే కాలు తీసేయమన్నట్టే.

2011 నాటి వెర్నా డీజిలు ఆటోమేటిక్ సంగతి వేరు. అందులో టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఇంజను బలాన్ని గేర్లకి అందించేది నూనె. "డి"లో పెట్టాక బండి కాసేపు ఆలోచించి కదిలినా, ఇంజను అరుస్తున్నా వేగం అందకపోయినా ముందు చూడవలసింది ఆ నూనెనే. తగ్గిందా? కారుతోందా? కొత్తది సాధారణంగా ఎర్రగా, తేటగా ఉంటుంది. నల్లబడి మాడు వాసన కొడుతోందంటే దాని పని అయిపోయిందన్నమాట. అప్పడాలు వేయించి వేయించి నల్లబడ్డ నూనెని మనం గుర్తుపట్టమూ? ఆ పాటి పరీక్షకి ఇంజనీరింగు డిగ్రీ ఎందుకు?

"జీవితాంతం మార్చక్కర్లేని నూనె" అని కొందరంటారు. ఎవరి జీవితం? సాలూరు ఘాటీ ఎక్కి కొరాపుట్ వెళ్ళొచ్చే బండిలో నూనె ఎంత కాగుతుందో, అంత తొందరగా పాడవుతుంది.

డీజిలుతో ఇంకో తిరకాసుంది. ఇంజను అదురు ఎక్కువ కనుక దాన్ని మోసే రబ్బరు మౌంట్లు నలిగిపోతాయి. అప్పుడు "డి"కీ "ఆర్"కీ మార్చినప్పుడల్లా ధడేల్మంటుంది. డీజిలు ఫిల్టరు పూడుకుపోతే బండి ఈడ్చుకుంటూ కుదుపుతుంది. తప్పు ఎవరిదైనా, నింద మాత్రం గేరుబాక్సుకే!

నిజంగా బాక్సు పోయే రోజూ ఉంటుంది. నూనెలో లోహపు రజను మెరుస్తుంటే కొత్త నూనె పోసి లాభం లేదు. అప్పుడు డబ్బు పెట్టవలసిందే. కాని ఆ మాట చూశాక చెప్పాలి, చూడకుండా కాదు.

కనుక అక్కచెల్లెళ్ళారా, మూడే మూడు అడగండి. నూనె చూపించమనండి. స్కానర్ చెప్పిన కోడు కాగితం మీద రాసిమ్మనండి. తీసిన పాత సామాను మీ ముందు పెట్టమనండి. "ఇవన్నీ మీకెందుకమ్మా, సార్‌ని పంపండి" అన్నాడా, తాళంచెవి తిరిగి తీసుకోండి. కారు ఎవరు నడుపుతారో, డబ్బు ఎవరు కడతారో తెలియనివాడికి గేరుబాక్సు లోపలి సంగతి మాత్రం ఏం తెలుస్తుంది?